ఐదుకు ఐదూ బీటిల్స్‌వే ఎలా అయ్యాయి?

అమెరికాలో ఏ పాట ముందుందో వారం వారం తేల్చేది బిల్‌బోర్డ్ పత్రిక. 1958 ఆగస్టు నుంచి ‘హాట్ 100’ పేరుతో వంద పాటల పట్టిక వేస్తోంది. 1964 ఏప్రిల్ 4 నాటి పట్టికలో మొదటి ఐదు స్థానాలూ బీటిల్స్‌వే. బ్రిటన్‌లోని లివర్‌పూల్ నుంచి వచ్చిన ఈ బృందం కుర్రాళ్లంటే అమెరికా వెర్రెత్తిపోయింది కాబట్టే అలా జరిగిందంటారు. నిజమే గానీ, వెర్రి ఒక్కటీ చాలదు. కొనాలంటే ఐదు రికార్డులూ ఒకేసారి అంగట్లో ఉండాలి కదా! మామూలుగా ఏ కంపెనీ అయినా ఒక పాట జోరు తగ్గాకే రెండోది వదులుతుంది. తన సరుకుకు తానే పోటీ తెచ్చుకోదు.

అసలు సంగతి 1963లో ఉంది. బీటిల్స్ రికార్డులు వేసే బ్రిటన్ కంపెనీ ఈఎంఐకి అమెరికాలో క్యాపిటల్ అనే అనుబంధ సంస్థ ఉండేది. ఈ పాటలు ఇక్కడ ఆడవని క్యాపిటల్ ఒకటికి రెండుసార్లు కాదంది. దాంతో ‘ప్లీజ్ ప్లీజ్ మీ’ షికాగోలోని వీ-జే అనే చిన్న కంపెనీకి, ‘షీ లవ్స్ యూ’ ఫిలడెల్ఫియాలోని స్వాన్‌కు పోయాయి. వీ-జే తొలి ప్రతుల మీద బృందం పేరులో ‘టి’ అక్షరం ఒకటి ఎక్కువ పడింది. రెండు రికార్డులూ అప్పట్లో బోల్తా కొట్టాయి.

ఏడాది చివరికి క్యాపిటల్ మనసు మార్చుకుంది. ‘ఐ వాంట్ టు హోల్డ్ యువర్ హ్యాండ్’ను జనవరిలో వదులుదామనుకుంటుంటే, వాషింగ్టన్‌లో ఒక రేడియో స్టేషన్ బ్రిటన్ ప్రతి తెప్పించి ముందే వినిపించేసింది. జనం అడగడం మొదలుపెట్టారు. డిసెంబరు 26నే విడుదల చేయక తప్పలేదు. ఫిబ్రవరి 1 పట్టికలో అదే మొదటిది. ఆ నెల 9న ఎడ్ సలివన్ టీవీ కార్యక్రమంలో బీటిల్స్‌ను దాదాపు 7 కోట్ల 30 లక్షల మంది చూశారు. ఇక చిన్న కంపెనీలు ఊరుకుంటాయా? అటకెక్కిన పాటలన్నీ దించి అమ్మకానికి పెట్టాయి. వీ-జే టోలీ అనే మరో లేబుల్ మీద ‘ట్విస్ట్ అండ్ షౌట్’ కూడా వదిలింది.

అలా ఏప్రిల్ 4న ‘కాన్ట్ బై మీ లవ్’ (క్యాపిటల్), ‘ట్విస్ట్ అండ్ షౌట్’ (టోలీ), ‘షీ లవ్స్ యూ’ (స్వాన్), ‘ఐ వాంట్ టు హోల్డ్ యువర్ హ్యాండ్’ (క్యాపిటల్), ‘ప్లీజ్ ప్లీజ్ మీ’ (వీ-జే) వరసగా నిలిచాయి. ఒక బృందం, నాలుగు లేబుళ్లు. ఏడాది పైచిలుకు సరుకు ఒక్క వారంలో కలబడింది. మొదటి నుంచీ క్యాపిటల్ ఒక్కటే వాటిని తీసుకుని ఉంటే ఈ వరస కుదిరేదా? నాకైతే అనుమానమే.

ఆ జోరుకు మే 9న అడ్డుకట్ట వేసింది మరో కుర్రాడు కాదు, 62 ఏళ్ల జాజ్ దిగ్గజం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. ‘హలో, డాలీ!’తో ఆయన ఒక వారం మొదటి స్థానంలో కూర్చున్నాడు. ఆ ఏడాదిలో నాకు బాగా నచ్చే మలుపు ఇదే.

బీటిల్స్ ఐదు పడితే, 2022 నవంబరులో గాయని టేలర్ స్విఫ్ట్ అదే పట్టికలో మొదటి పది స్థానాలూ పట్టింది. అయితే ఇప్పుడు ఫోన్‌లో ఆల్బమ్ మొత్తం వింటే అందులోని ప్రతి పాటా లెక్కలోకి వస్తుంది. 1964లో మాత్రం ఒక్కో పాట రికార్డుకు విడిగా డబ్బు పెట్టాలి. అందుకే ఈ రెండు ఘనతలనూ ఒకే తక్కెడలో తూచకూడదు.