బాడీయా... లెన్సా?

షటిల్‌ కాక్‌ రెప్పపాటులో నెట్‌ దాటిపోతుంది. కూతకెళ్లిన కుర్రాడు ఒకరిని తాకేసి గీత దాటి వచ్చేస్తాడు. తీరా కెమెరాలో చూసుకుంటే మిగిలేది మసక బొమ్మ! ‘ఇక కొత్త కెమెరా కొనాల్సిందే’ అనిపించేది సరిగ్గా అప్పుడే. కానీ ఆ డబ్బు పెట్టాల్సింది కెమెరా బాడీ మీదా, దాని ముందుండే లెన్సు మీదా?

అమలాపురం అనగానే ఇప్పుడు క్రీడాభిమానులకు గుర్తొచ్చే పేరు సాత్విక్‌ సాయిరాజ్‌ రంకిరెడ్డి. 2000లో ఇక్కడే పుట్టిన సాత్విక్‌, చిరాగ్‌ శెట్టితో జోడీ కట్టి 2023లో ఆసియా క్రీడల బ్యాడ్మింటన్‌ డబుల్స్‌ స్వర్ణం గెలిచాడు. అదే ఏడాది ఏప్రిల్‌ 14న జపాన్‌లో అతను కొట్టిన స్మాష్‌ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో దూసుకెళ్లి గిన్నిస్‌ రికార్డుకెక్కింది. అంటే సెకనుకు దాదాపు 157 మీటర్లు! కెమెరా షటర్‌ సెకనులో వెయ్యో వంతు మాత్రమే తెరుచుకున్నా, ఆలోపే ఆ షటిల్‌ సుమారు 16 సెంటీమీటర్లు కదిలిపోతుంది. అది దాని పొడవుకి ఇంచుమించు రెట్టింపు.

అందుకే అనుభవమున్న ఫొటోగ్రాఫర్లు షటిల్‌ వెంట పడరు. గాల్లోకి లేచిన ఆటగాడి ముఖం, బిగిసిన చెయ్యి స్పష్టంగా వస్తే చాలనుకుంటారు. దానికి షటర్‌ వేగం సెకనులో 500వ వంతు నుంచి వెయ్యో వంతు దాకా ఉండాలి. చిక్కంతా అక్కడే... షటర్‌ ఎంత వేగంగా మూసుకుంటే లోపలికి వచ్చే వెలుతురు అంత తగ్గిపోతుంది.

అమలాపురం, రాజోలు, కొత్తపేటలాంటి ఊళ్లలో స్థానిక పోటీల ఫొటోలు ఎక్కువగా తీసేది పెళ్లిళ్లు చేసే స్టూడియోవాళ్లే. ముహూర్తాల్లో సంపాదించినదాంట్లోంచి అద్దె, అప్పు పోగా మిగిలిందే పెట్టుబడి. అది తప్పుడు వస్తువు మీద పెడితే మళ్లీ ముహూర్తాలొచ్చేదాకా ఆగాల్సిందే. ఈలోగా ఏ బడిపిల్లో జిల్లా పోటీల్లో కప్పు గెలిస్తే ఆ క్షణం మళ్లీ రాదు.

చీకటి లెక్క

కెమెరాతోపాటు వచ్చే చిన్న జూమ్‌ లెన్సుని బాగా దగ్గరకు లాగితే దాని ఎపర్చర్‌ ఎఫ్‌ 5.6 దగ్గర ఆగిపోతుంది. ఖరీదైన జూమ్‌లు ఎఫ్‌ 2.8 దాకా తెరుచుకుంటాయి. అంకె సగమే అయినా లోపలికొచ్చే వెలుతురు నాలుగు రెట్లు!

ఓ మాదిరి దీపాలున్న ఇండోర్‌ హాల్లో సెకనులో 500వ వంతు వేగంతో తీయాలంటే ఎఫ్‌ 5.6 లెన్సుకి ఐఎస్‌వో 12800 కావాల్సి వచ్చిందనుకోండి... ఎఫ్‌ 2.8కి 3200 సరిపోతుంది. ఎఫ్‌ 1.8 అయితే 1300 చాలు. ఐఎస్‌వో పెరిగేకొద్దీ ఫొటోలో ఇసక చల్లినట్టు చుక్కలొస్తాయి. పాత కెమెరా అయినా 1300 దగ్గర శుభ్రమైన ఫొటో ఇస్తుంది.

ఇంకో లాభమూ ఉంది. చాలా డీఎస్‌ఎల్‌ఆర్‌లలో మధ్యనుండే ఫోకస్‌ పాయింటు, ఎఫ్‌ 2.8 లేదా అంతకన్నా ఎక్కువ తెరుచుకునే లెన్సు పెడితే మరింత కచ్చితంగా పనిచేస్తుంది. వెనకున్న కుర్చీలూ బ్యానర్లూ మసకబారి ఆటగాడు ఒక్కడే ముందుకొస్తాడు.

70-200 ఎఫ్‌ 2.8 జూమ్‌ కొత్తది కొనాలంటే లక్ష దాటుతుంది. అంత పెట్టలేనివాళ్లకు 85 మిల్లీమీటర్ల ఎఫ్‌ 1.8 లెన్సు మంచి దారి. మామూలు ఏపీఎస్‌-సి కెమెరాకి తగిలిస్తే దాని చూపు దాదాపు 130 మిల్లీమీటర్ల లెన్సుతో సమానం. బ్యాడ్మింటన్‌ కోర్టు పొడవు 13.4 మీటర్లే కాబట్టి, గీత వెనక కూర్చుని తీసేవారికి అది చక్కగా సరిపోతుంది. పైగా పెళ్లి ఫొటోలకూ పనికొస్తుంది.

ఎండలో కథ వేరు

సంక్రాంతికి ఆత్రేయపురం కాలువలో పడవ పందేలు పెడితే ఈ లెక్క తిరగబడుతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఎఫ్‌ 5.6 దగ్గర కూడా ఐఎస్‌వో 200తోనే సెకనులో వెయ్యో వంతు వేగం దొరుకుతుంది. అక్కడ కావాల్సింది వెలుతురు కాదు, దూరం. చవకలో దొరికే 70-300 జూమ్‌ చాలు. పగటిపూట ఆడే క్రికెట్‌, కబడ్డీలకూ అంతే. ఎండలోనే ఆటలు తీసేవారు ఎఫ్‌ 2.8 కోసం అప్పు చేయక్కర్లేదు.

కెమెరా మార్చాల్సిందెప్పుడు?

అలాగని బాడీ ఎప్పటికీ మార్చొద్దని కాదు. షటర్‌ వేగం సరిపోయినా ఫోకస్‌ ఆటగాడి మీద కాకుండా వెనక గోడ మీద పడుతుంటే లోపం ఫోకస్‌ వ్యవస్థలో ఉండొచ్చు. ఇటీవలి మిర్రర్‌లెస్‌ కెమెరాలు మనిషి కన్నుని గుర్తుపట్టి, కదులుతున్నా వదలకుండా వెంటాడతాయి. ఆ సౌకర్యం లెన్సు ఇచ్చేది కాదు.

ట్యూబ్‌లైట్ల తంటా మరొకటి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ కాబట్టి కొన్ని రకాల దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు కానీ, వరసగా తీసిన పది ఫొటోల్లో నాలుగు పచ్చగా, రెండు చీకటిగా వచ్చేది అందుకే. దీన్ని కనిపెట్టి, వెలుగు బాగా ఉన్న క్షణంలోనే క్లిక్‌మనే ఏర్పాటు కెనాన్‌ 2014లో 7డీ మార్క్‌ 2లో తెచ్చింది. ఆ తర్వాత చాలా కెమెరాల్లోకి వచ్చింది. మీ హాల్లో బాధ ఇదే అయితే ఎంత ఖరీదైన లెన్సు కొన్నా తీరదు.

కెనాన్‌, నికాన్‌ కంపెనీలు 2018లో ఫుల్‌ఫ్రేమ్‌ మిర్రర్‌లెస్‌ కోసం కొత్త మౌంట్లు తెచ్చాయి. అయినా పాత లెన్సులు వృథా కావు. కెనాన్‌ ఈఎఫ్‌ లెన్సులు అడాప్టర్‌తో కొత్త బాడీల మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. నికాన్‌లో మాత్రం లోపల మోటారు లేని పాత ఏఎఫ్‌-డి లెన్సులకు నికాన్‌ సొంత అడాప్టర్‌తో ఆటోఫోకస్‌ రాదు. పాతవి కొనేవారు ఇది గుర్తుంచుకోవాలి.

బూజుతో జాగ్రత్త!

చుట్టూ గోదావరి పాయలు, కాలువలు, పక్కనే సముద్రం... కోనసీమ గాలిలో తేమకి కొదవలేదు. లెన్సులకి ఇదే శత్రువు. వానాకాలంలో బ్యాగులో పెట్టి మర్చిపోతే గాజు మీద సాలెగూడులా బూజు అల్లుకుంటుంది. ముదిరితే గాజు మీది పూతనే తినేస్తుంది. గాలి చొరబడని ప్లాస్టిక్‌ డబ్బాలో సిలికా జెల్‌ పొట్లాలతో దాచాలి. సెకండ్‌హ్యాండ్‌ లెన్సు కొనేముందు ఒకవైపు నుంచి సెల్‌ఫోన్‌ టార్చి వేసి రెండోవైపు నుంచి చూడాలి. దారాల్లాంటివి కనిపిస్తే ఎంత చవకైనా వద్దు.

కొనేముందు ఇది చేయండి!

* కిందటి ఏడాది పాడైన ఫొటోలు ఓ వంద తీసి చూడండి. చేతులూ కాళ్లూ చెరిగిపోయి, వెనక గోడ స్పష్టంగా ఉంటే ముందు షటర్‌ ఎంతుందో చూసుకోండి. అది 500వ వంతుకి తక్కువుంటే లోపం వెలుతురుది. మందు... లెన్సు.

* షటర్‌ వేగం బాగానే ఉన్నా ఆటగాడు మసకగా ఉంటే లోపం ఫోకస్‌ది. ముందు మధ్య పాయింటు, కంటిన్యువస్‌ ఫోకస్‌తో తీసి చూడండి. అప్పటికీ కుదరకపోతే బాడీ.

* అన్నీ స్పష్టంగా ఉన్నా ఆటగాడి వీపే కనిపిస్తుంటే కొనాల్సింది ఏమీ లేదు. కూర్చునే చోటు మార్చండి.

* పెళ్లిళ్లకు తెచ్చినట్టే లెన్సుని ఒక్కరోజు అద్దెకు తెచ్చి, మీ ఊరి హాల్లోనే ఓ మ్యాచ్‌ తీసి చూడండి. ఆ ఫలితం చూశాకే డబ్బు తీయండి.