వయస్సు – రక్తనాళముల ఆరోగ్యము

విజయవాడ వద్ద 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజి నుండి బందరు, ఏలూరు, రైవసు కాలువలు బయలుదేరి డెల్టా పొలములకు నీరందించుచున్నవి. లాకుల తలుపులకు తుప్పు పట్టినచో నీటి పారుదల ఎట్లు చెడునో మన రైతులెరుగుదురు. ఇనుము తేమ సమక్షమున ప్రాణవాయువుతో కూడుటయే తుప్పు. మన రక్తనాళములకును వయస్సుతో ఇంచుమించుగా ఇట్టి హానియే కలుగుచున్నది.

రక్తనాళపు లోపలిపొర ఒక్క కణము మందము మాత్రమే. అది నైట్రిక్ ఆక్సైడు అను వాయువును విడుదలచేసి నాళమును సడలించును. ఈ సంగతి కనుగొన్న ముగ్గురు శాస్త్రజ్ఞులకు 1998లో నోబెల్ బహుమానము లభించినది. శరీరము ప్రాణవాయువును వినియోగించునపుడు కొన్ని తీవ్రమైన అణువులు పుట్టును. యౌవనములో శరీరము వీనిని అణచును. వయస్సు మీరిన కొలది ఆ శక్తి తగ్గి, అవి నైట్రిక్ ఆక్సైడును నాశనము చేయును. నాళపు గోడ సాగుడు గుణము కోల్పోయి బిరుసెక్కును. చెడిన క్రొవ్వు అందులో పేరుకొనును. రక్తపు పోటు హెచ్చును. చుట్ట, బీడీ పొగయు, మధుమేహమును ఈ హానిని త్వరపరచును.

ఇది పట్టణవాసుల జబ్బు మాత్రమే కాదు. పొరుగున ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో 2003, 2004 సంవత్సరములలో మరణకారణములను విచారింపగా, సుమారు మూడింట ఒక వంతు మరణములు గుండె, రక్తనాళముల వ్యాధుల వలననే సంభవించినట్లు తేలినది. ఇంటి యజమాని పక్షవాతముతో మంచము పట్టినచో ఆ కుటుంబపు సేద్యమే నిలిచిపోవును.

వయస్సును ఆపజాలము, తుప్పును మాత్రము మందగింపజేయవచ్చును. రక్తపు పోటు తరచు ఏ బాధయు కలిగింపదు. కొలిచి చూచిననే తెలియును. కావున ముప్పది యేండ్లు దాటిన ప్రతివారికిని పరీక్ష జరుగునట్లు పంచాయతీ సభ్యులు ఉపకేంద్రపు నర్సుతో కలిసి ఇంటింటి జాబితా తయారుచేయవలెను. మందు వాడువారు బాగున్నదని తమంతట తాము మానరాదు. ఊరగాయలు, ఎండుచేపలతో సహా దినమునకు ఉప్పు 5 గ్రాములు మించరాదు. కూరగాయలు, పండ్లు తినుట, కాలువగట్టున నడచుట మేలు. హానిని ఆపునని చెప్పి అమ్ము విటమిను బిళ్ళలు గుండెజబ్బును నివారింపవని పెద్ద పరీక్షలలో రుజువైనది.

మూతి వంకరపోయినను, చేయి పడిపోయినను, మాట తడబడినను నాటువైద్యముతో కాలయాపన చేయక వెంటనే 108కి ఫోను చేయవలెను.

తుప్పుపట్టిన ఇనుము తిరిగి బాగుపడదు. పొగాకు మానినవారి రక్తనాళములు మాత్రము కొంతవరకు కోలుకొనును. ఈ మంచిమాటను ప్రతి గడపకును చేర్చవలసినదిగా మేము సభ్యులను కోరుచున్నాము.