పది దినముల మౌనము – ప్రతిదినపు ఎరుక



కొంతకాలము క్రిందట ఉపన్యాసము ముగిసి తీర్థప్రసాద వినియోగము జరుగుచుండగా ఒక తల్లి మా చెంతకు వచ్చి నిలిచినది. ఆమె కన్నులు చెమర్చియున్నవి. "అయ్యవారూ! మా అబ్బాయి పది రోజుల విపశ్యన శిబిరానికి వెళ్తానంటున్నాడు. బౌద్ధంలో కలుస్తావా అని వాళ్ల నాన్నగారు కేకలేశారు. తండ్రీకొడుకులు మాట్లాడుకుని మూడు వారాలైంది. మీరెలా చెబితే అలా చేస్తాం" అన్నది. అది నిలుచున్నపాటున సమాధానము చెప్పదగిన ప్రశ్న కాదు. మీలో మరికొందరి గృహములలోను ఈ ప్రశ్న ఉండవచ్చును గనుక ఇక్కడ వివరముగా విన్నవించుచున్నాము.

ముందుగా ఆ శిబిరమన నేమో తెలిసికొందము. విపశ్యన యనగా విశేషముగా చూచుట, ఉన్నదానిని ఉన్నట్లు చూచుట. బర్మా దేశమున ఊ బా ఖిన్ అను గృహస్థు దీనిని బోధించినారు. ఆయన భిక్షువు కాడు; ప్రభుత్వమున అకౌంటెంట్ జనరల్ పదవి నిర్వహించుచు, తన కార్యాలయపు ఉద్యోగులకు సైతము ధ్యానము నేర్పినవాడు. మాండలేలో 1924లో హిందూ వ్యాపార కుటుంబమున జన్మించిన సత్యనారాయణ గోయెంకా గారు తీవ్రమైన తలనొప్పితో బాధపడుచు 1955లో ఆయనను ఆశ్రయించిరి. మతము మార్చెదరేమోయని తానును మొదట జంకితినని గోయెంకా గారే చెప్పుకొన్నారు. కాబట్టి ఆ తండ్రి భయము క్రొత్తది కాదు. గోయెంకా గారు 1969లో భారతదేశమునకు వచ్చి శిబిరములు నడపి, 2013లో దేహము చాలించినారు. మహారాష్ట్రలోని ఇగత్‌పురి కేంద్రము మిక్కిలి ప్రసిద్ధమైనది. మన హైదరాబాదు చెంత నాగార్జునసాగర్ మార్గమునందలి ధమ్మఖేత్త కేంద్రము 1976 నాటిది.

శిబిరమున వేకువ 4 గంటలకు ఘంట మ్రోగును. రాత్రి 9.30కు దీపములార్పుదురు. నడుమ దాదాపు 10 గంటలు ధ్యానము. మాట లేదు, చదువు లేదు, వ్రాత లేదు, టెలిఫోను లేదు. పదవనాడు గాని మౌనము వీడదు. అహింస, సత్యము, అస్తేయము, బ్రహ్మచర్యము, మద్యాది మత్తుల వర్జనము — ఈ ఐదు నియమములు తప్పనిసరి. మొదటి మూడు దినములు సహజముగా వచ్చిపోవు శ్వాసను నాసికాగ్రమున గమనింతురు. మన ప్రాణాయామమువలె పూరక కుంభకములు లేవు; శ్వాసను నడపరు, చూతురు. నాలుగవనాటి నుండి శిరస్సు మొదలు పాదముల వరకు దేహమునందలి వేదనలను, అనగా నొప్పి, వేడి, దురద, హాయి మొదలైన అనుభూతులను, రాగద్వేషములు లేక పరికింతురు. రుసుము లేదు; శిబిరము పూర్తిచేసినవారి విరాళములతోనే నడచును.

ఇందు మనకు పరాయిదేమున్నది? శీతోష్ణములు, సుఖదుఃఖములు వచ్చిపోవునవి, వానిని ఓర్చుకొనుమని గీతాచార్యుడు రెండవ అధ్యాయముననే ఉపదేశించెను. పాళీ భాషలో ఈ ఎరుకకు 'సతి' యని పేరు. అది మన 'స్మృతి' శబ్దమే. శ్రద్ధ, వీర్యము, స్మృతి, సమాధి, ప్రజ్ఞ అను ఐదింటిని పతంజలి మహర్షి సమాధిపాదమున చెప్పెను. బౌద్ధులును ఆ ఐదింటినే పంచేంద్రియములని పేర్కొందురు. నడచునప్పుడు, కూర్చుండునప్పుడు, భుజించునప్పుడు ఎరుక గలిగియుండుమని బోధించెడి సతిపట్ఠాన సుత్తమును బుద్ధుడు కురుదేశముననే చెప్పెనని ఆ గ్రంథము తెలుపుచున్నది. గీత పుట్టిన నేలయు కురుభూమియే గదా!

అయినను భేదమును దాచుట మర్యాద కాదు. చూడబడునది అనిత్యమని వారును మనమును అంగీకరింతుము. చూచెడివాడు ఎవరని అడిగినచోట దారులు వేరగును. వారు అనాత్మ యందురు. మనము సాక్షియైన ఆత్మ యందుము. మరియొకటి: శిబిరకాలమున జపము, పూజ, దీపధూపములు నిలిపివేయవలెనని వారి నియమము. ఒక పద్ధతిని వేరొకదానితో కలుపక పరీక్షింపవలెనని వారి ఉద్దేశము. నిత్యకర్మకు లోపము రానీయని అనుష్ఠానపరునికి దీనిని విడుచుటకు మేము అనుజ్ఞ ఈయజాలము. అట్టివాడు ఇంటనే అభ్యసించుట మేలు.

ఆ మాటయే ఆ తండ్రిగారు మాతో అన్నారు: "పది రోజులు సంధ్యావందనం మానేయాలటండీ!" "ఇప్పుడు చేయుచున్నాడా?" యని అడిగితిమి. "ఉపనయనమైన ఏడాది చేశాడు." "మరి తమరో?" ఆయన తల వంచుకొనిరి. పట్టనివ్రతమును విడుచుట యెట్లు?

ఆయనను తప్పుపట్టుటకు మాకు అర్హత లేదు. బాల్యమున పాఠశాలలో మా గురువుగారు కన్నులు మూసికొని సంత చెప్పెడివారు. మా మనస్సు పెరటిలోని మామిడిచెట్టు మీదికి పోయిన క్షణమున స్వరము తప్పెడిది. కన్ను తెరువకయే "మొదటికి రా" అనెడివారు. పనస మరల మొదటినుండి. మాకు లభించిన ఎరుక శిక్షణ అదియే. అట్టి మేము ఈ డెబ్బది దాటిన వయస్సున ఒక ఉదయము సంధ్య వార్చుచు, అర్ఘ్యములు రెండిచ్చితిమో మూడిచ్చితిమో తెలియక చేతిలో నీరు పట్టుకొని నిలిచిపోయితిమి. నాలుక మంత్రము పలుకుచునే యున్నది. మనస్సు పొలము కౌలు లెక్కలలో నున్నది. ఆనాడు మమ్ము మొదటికి రమ్మనుటకు గురువుగారు లేరు.

కావున శిబిరమునకు పోయినను పోకున్నను పరీక్ష నిత్యజీవితముననే. పది దినములు మౌనముండి వచ్చి, ఇల్లు చేరిన మొదటి గంటలోనే కాఫీ చల్లారినదని భార్యపై కసురుకొన్నచో ఆ మౌనము నాలుకకు మాత్రమే పట్టినది. ఉదయము ఒక గంట, సాయంత్రము ఒక గంట కూర్చుండుమని శిబిరమువారు చెప్పుట ఇందులకే. గృహస్థులకు మేము చెప్పదగినది స్వల్పము. ఆచమనమున నీటి చల్లదనము తెలియవలెను. విస్తరి ముందు పరిషేచనము చేసిన పిమ్మట మొదటి ఐదు కబళములైనను మాటలాడక, రుచి తెలిసి తినవలెను. గుడి మెట్లు ఎక్కునప్పుడు పాదము మోపుట తెలియవలెను. కోపము వచ్చినప్పుడు బదులు చెప్పుటకు ముందు మూడు శ్వాసలు గమనింపవలెను. మనస్సు పారిపోయిన ప్రతిసారి విసుగులేక మరల్చుటయే అభ్యాసము.

మానసిక వ్యాధికి చికిత్స పొందువారు మాత్రము వైద్యుని సలహా లేక, శిబిర నిర్వాహకులకు చెప్పక చేరరాదు. ఆ ధ్యానము తేలికైనది కాదు.

ఆ తల్లికి ఇట్లు చెప్పితిమి: "అమ్మా! పిల్లవానిని పోనిమ్ము. ఇల్లు విడిచి కల్లుపాకకు పోవుట లేదు. తన మనస్సును చూచుకొన పోవుచున్నాడు. ఆ పది దినములు తండ్రిగారు ఇంట మూడు పూటల సంధ్య వార్చవలెను, లెక్క తప్పకుండ. కొడుకు తిరిగివచ్చిన నాడు ఇద్దరును ఒకచోట కూర్చుండి భోజనము చేయవలెను."

తండ్రిగారు నవ్వి, "నాకే కష్టమైనది ఇచ్చారు" అన్నారు. మేమును ఆనాటినుండి అర్ఘ్యములు లెక్కించుచున్నాము.

స్వస్తి.