నాలుగు చక్రములకును బలమిచ్చు బండి: పెద్దల సందేహములు



ఇటీవల మన పల్లెలలోనికి థార్ అను బండ్లు వచ్చుచున్నవి. కొన్నవారు కుమారులును మనుమలును. సందేహములు మాత్రము అరుగులపై గూర్చుండు మనవి. నేను బడిపంతులను గాని యంత్రశాస్త్రము నభ్యసించినవాడను గాను. అయినను మా మనుమడు బండి కొన్న పిమ్మట, దానితో నిచ్చిన పుస్తకమును వ్యాకరణమును జదివినంత శ్రద్ధతో జదివితిని. పెద్దలు నన్నడిగిన ప్రశ్నలకు సమాధానములు మనవి చేసెదను.

ముందుగా దీని వంశము. మహీంద్రావారు 1947లో విల్లీసు జీపులను మన దేశమున గూర్ప నారంభించిరి. ఆ పరంపరలోనే 2010లో థార్ పుట్టినది. దాని రెండవ రూపము 2020 అక్టోబరు 2వ తేదీన విక్రయమునకు వచ్చినది. నేను జెప్పునది దీనిని గూర్చియే. 2024లో వచ్చిన అయిదు తలుపుల రాక్స్ వేఱు.

మొదటి ప్రశ్న: థార్ అన్నంతమాత్రమున నాలుగు చక్రములును లాగునా? లాగవు. 2023 జనవరి నుండి వెనుక చక్రములు మాత్రమే త్రోయు రకమును గూడ అమ్మసాగిరి. గేరుకఱ్ఱ ప్రక్కనే 2హెచ్, 4హెచ్, 4ఎల్ అను గుర్తులు గల రెండవ చిన్న కఱ్ఱ యున్నచో నాలుగింటికిని బలమందును. కొనుటకు ముందే ఆ కఱ్ఱను జూచుకొనవలెను.

రెండవ ప్రశ్న: బలమున్నప్పుడు దానిని ఎల్లప్పుడును ఏల వాడరాదు? కళ్లమున బంతి త్రిప్పుట మీరెఱుగుదురు. నడిమి రాట యొద్ద ఎద్దు కొంచెమే నడచును. వెలుపలి యెద్దు ఎక్కువ దూరము నడవవలెను. బండి మలుపు తిరుగునప్పుడు ముందు చక్రములు పెద్ద చుట్టును, వెనుక చక్రములు చిన్న చుట్టును దిరుగును. 4హెచ్‌లో నుంచినచో ముందు వెనుకల ఇరుసులు రెండును సమముగానే తిరుగవలసి వచ్చును. బురదలో చక్రము కొంచెము జారి ఆ భేదమును సర్దుకొనును. పొడి సిమెంటు బాటపై జారదు గనుక టైర్లు అరుగును, లోపలి పండ్లచక్రములు బిగిసి బాధపడును. కావున పొడిబాటకు 2హెచ్. బురదకును ఇసుకకును 4హెచ్.

4ఎల్ అనునది నిట్టనిలువు గట్టులకును లోతైన బురదకును. అందు వేగము తగ్గి, లాగుడు రెండున్నర రెట్లు పెరుగును. బండిని పూర్తిగా నిలిపిన పిమ్మటనే దీనిలోనికి మార్చవలెను. ఒక్కమాట మఱవరాదు: ఈ బలము బండిని నడపుటకే గాని ఆపుటకు గాదు. తడిబాటపై తక్కిన కార్లు జారినట్లే ఇదియు జారును.

ఇక ముఖ్యమైన ప్రశ్న: వాగు దాటవచ్చునా?

గత వర్షాకాలమున ఒక సాయంకాలము నేనును, మనుమడును, అతని భార్యయు, పసిబిడ్డయు ఊరికి మరలుచుంటిమి. వాగు చప్టామీదుగా ఎఱ్ఱనీరు పారుచున్నది. "తాతగారూ, ఈ బండి 650 మిల్లీమీటర్ల నీటిలో నడచునని వ్రాసియున్నారు, ఇది మోకాలిలోతే గదా" యని అతడనెను. "నాయనా, ఆ కొలత నిలిచిన నీటికా, పారు నీటికా?" యని యడిగితిని. అతడు మాటాడలేదు. నేను తలుపు తీసికొని దిగి, చేతికఱ్ఱతో బండి కెదుట నిలిచితిని. అతనికి గోపము వచ్చినది. అయినను బండి త్రిప్పెను. ఆ రాత్రి పొరుగూరి బంధువుల యింట నుంటిమి. తెల్లవాఱి నీరు తీసిన పిమ్మట చూడగా చప్టా నడుమ బారెడు మేర కొట్టుకొనిపోయి యున్నది. ఆ యెఱ్ఱనీటి క్రింద గోతిని ఎవ్వరును జూడజాలరు.

ఇందలి లెక్క సులభము. బండి యడుగు నాలుగు చదరపు మీటర్లనుకొందము. నీరు అడుగును ముట్టిన పిమ్మట ప్రతి పది సెంటీమీటర్ల లోతునకును 400 కిలోల బరువును నీరే మోయును. బరువు తగ్గగా చక్రములకు పట్టు తప్పును. ప్రవాహము ప్రక్కనుండి త్రోయును. చక్రములు నేలను బట్టనప్పుడు నాలుగింటికి బలమున్నను ఫలమేమి?

నిలిచిన నీటిలో ఇంజను ఆగినచో మరల తిప్పరాదు. లోనికి జేరిన నీరు గాలివలె నొత్తబడదు, ఇనుపకడ్డీలే వంగిపోవును. బండిని త్రోయించి మరమ్మతుకు బంపవలెను. నీటినుండి వెలువడిన తరువాత బ్రేకును మెల్లగా పలుమాఱులు త్రొక్కి ఆరబెట్టవలెను. పిమ్మట నూనెలను జూపించవలెను. అవి మజ్జిగవలె తెల్లబాఱినచో నీరు చేరినట్లు.

నాగలి కట్టవచ్చునా యని ఒకరడిగిరి. ఇది ట్రాక్టరు గాదు. మనవంటివారు ఎక్కగలరా యని మఱొకరు. వెనుకకు బోవుటకు ముందు పీటను వంచి దూరవలెను. మోకాళ్లనొప్పులవారు ముందు కూర్చుండుటయే మేలు. అచట గూర్చున్నవారికి బాట బాగుగ గనబడును. వలదనవలసినచోట వలదనుటకును వీలుండును.

పిల్లలు కోపించినను సరియే, పారు నీటి యెదుట బండి నాపించుడు. సెలవు.