పడిశము – పీనసము – శిరోవేదన

హోసూరు సముద్రమట్టమునకు దాదాపు 900 మీటర్ల ఎత్తున నున్న పీఠభూమి. కృష్ణగిరి అంతకంటె పల్లము. మార్గశిర, పుష్య మాసములలో హోసూరు ప్రాంతమున ముక్కు కారుట, తల నొచ్చుట ఇంటింటను గానవచ్చు బాధలు. వీనినన్నిటిని తెలుగున ‘జలుబు’ అనియో, తమిళమున ‘చళి’ యనియో ఒక్క మాటతో సరిపుచ్చుట వాడుక. కాని ఆ ద్రవమెట్టిదో, ఏ వైపునుండి వచ్చుచున్నదో గమనించినచో కారణములు వేఱువేఱని తెలియును.

ముక్కు చుట్టునున్న ఎముకలలో గాలి గదులు నాలుగు జతలు కలవు: చెంపలలో, నొసట, కన్నుల నడుమ, వాని వెనుక లోతున. వీనియందలి శ్లేష్మము సన్నని రంధ్రముల గుండ ముక్కులోనికి దిగును. వైరసు సోకి పొర వాచినపుడు రంధ్రములు మూసికొనును. శ్లేష్మము నిలిచి ముఖము బరువెక్కును. వంగినచో నొప్పి హెచ్చును. ఆయుర్వేదము పడిశమును ప్రతిశ్యాయమనియు, ప్రొద్దుతో హెచ్చి ప్రొద్దుతో తగ్గు తలనొప్పిని సూర్యావర్తమనియు పేర్కొన్నది.

శ్లేష్మము పసుపుపచ్చనైనంత మాత్రమున ఆంటీబయాటిక్కులు అవసరమని కాదు. వైరసు పడిశమునను ఆ రంగు వచ్చును. పది దినములు దాటినను తగ్గకున్నను, తగ్గి మరల ముదిరినను బాక్టీరియా సోకినదేమో యని అనుమానింపవలెను. తుమ్ములు, దురదతో నీరు కారుట ఎలర్జీ లక్షణము. ధూళి, వయ్యారిభామ పుప్పొడి దీనికి హేతువులు కావచ్చును. పార్శ్వపు నొప్పి యందును ముక్కు కారుట కలదు గనుక పలువురు దానిని పీనసమని భ్రమింతురు.

ఒక్క వైపుననే దుర్గంధముతో కారినచో, పిల్లలయందు పూసయో గింజయో ముక్కున చిక్కినదని తలంపవలెను. పెద్దలయందు పై దవడ పంటి మూలము చీము పట్టుట, శిలీంధ్రము చేరుట కారణములు కావచ్చును. మధుమేహ రోగులకు ముక్కున నల్లని పక్కులు, కంటివాపు కనబడుట మిక్కిలి ప్రమాదకరము. 2021లో కరోనా వ్యాధితో పాటు దేశమున ప్రబలిన మ్యూకర్ శిలీంధ్ర వ్యాధి ఇట్టిదే.

అన్నిటికంటె మోసకరమైనది స్వచ్ఛమైన నీరు. తలకు దెబ్బ తగిలిన పిదపగాని, ఒక్కొక్కప్పుడు అకారణముగగాని, ఒక ముక్కుపుటమునుండి వంగినపుడు నీటివలె బొట్లు రాలి, నోట ఉప్పగానో లోహపు రుచిగానో తోచినచో, అది మెదడు చుట్టునున్న ద్రవము కావచ్చును. ఆ మార్గమున సూక్ష్మజీవులు లోని కెక్కి మెదడు పొరలకు వాపు కలిగించును. ఈ నొప్పి తఱచు నిలుచున్నపుడు హెచ్చి, పండుకొన్నపుడు తగ్గును. బీటా–2 ట్రాన్స్‌ఫెరిన్ పరీక్షచే ఆ ద్రవమును గుర్తింతురు.

మెడ బిగియుట, తీవ్రజ్వరము, మతి తప్పుట, కన్ను వాచుట, వస్తువులు రెండుగ కనబడుట – వీనిలో ఏది తోడైనను ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. ఇంట తెలుగును, ఆసుపత్రిలో తమిళమును మాటాడు ఈ సీమవారు ఏ భాషలోనైనను వైద్యునకు అయిదు సంగతులు చెప్పవలెను: ఏ వైపు, ఏ రంగు, ఏ వాసన, ఎన్ని దినములు, ఏ భంగిమలో హెచ్చు. ‘జలుబు’ అను ఒక్క మాట చెప్పలేని దానిని ఈ అయిదు మాటలు చెప్పగలవు.