గర్భాశయపు లోపొర నెలనెలా ఎట్లు మారును?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన రాష్ట్రమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు 9 మంది గర్భసంచి తీయించుకొన్నవారే. దేశము మొత్తముమీద చూడగా అట్టివారు నూటికి 3 మందియే. ఇందుకు చెప్పబడు ముఖ్య కారణము అధిక రక్తస్రావము. కనుక ఆ రక్తము ఏల వచ్చుచున్నదో ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు పంచాయతీ సభ్యులమైన మనము తెలిసికొనుట అవసరము.

గర్భాశయపు లోపలి గోడకు మెత్తని పొర యొకటి యుండును. ముట్టు ముగియునప్పటికి దాని మందము కొద్ది మిల్లీమీటర్లే. అండకోశములనుండి వచ్చు ఈస్ట్రోజను అను హార్మోను రెండు వారములలో దానిని ఎన్నో రెట్లు పెంచును. అంతేకాక, ఆ పొర కణములలో ప్రొజెస్టరాను గ్రాహకములనెడి మాంసకృత్తులను పుట్టించును. ప్రొజెస్టరాను అనునది అండము విడుదలయైన పిదప వచ్చు రెండవ హార్మోను. దానిని అందుకొను గ్రాహకములు లేనిచో అది వచ్చియు నిష్ప్రయోజనము. పడుగు వేయని మగ్గముపై పేక నేయజాలమని ఎమ్మిగనూరు నేతగాండ్రకు వేరుగా చెప్పనక్కరలేదు గదా!

ప్రొజెస్టరాను అందగానే కణములు పెరుగుట మాని, పిండమునకు చోటు సిద్ధపరచుటకు పూనుకొనును. గ్రంథులు గ్లైకోడెలిన్ మున్నగు మాంసకృత్తులను స్రవించును. 28 దినముల చక్రములో పిండము అంటుకొనుటకు అనువగు కాలము సుమారు 20వ దినము మొదలు 24వ దినము వరకే. పిండము రానిచో ప్రొజెస్టరాను తగ్గును. అంతవరకు అణగియున్న, కణజాలమును కరగించు మాంసకృత్తులు అప్పుడు విజృంభించి పైపొరను విడగొట్టును. అదియే ముట్టు. శిశువునకై పరచిన పరుపును మైల యనుట తగునా? అడుగుపొర మిగిలి, మచ్చయైన లేకుండ మరల చిగురించును.

కొందరిలో అండము విడుదల కాదు, ప్రొజెస్టరాను రాదు. ఈస్ట్రోజను ఒక్కటే పెంచుచు పోవగా పొర క్రమము తప్పి, విరివిగా రాలును. గ్రాహకములున్నవి కనుకనే, ప్రొజెస్టరాను వంటి మందులిచ్చిన పెక్కుమందిలో పొర తిరిగి అదుపునకు వచ్చును. కణితులు, థైరాయిడు లోపము వంటి ఇతర కారణములును గలవు. వానిని పరీక్షచే తేల్చవలెను. కాన్సరునకు మాత్రము శస్త్రచికిత్స తరచు తప్పదు. ముట్లుడిగిన పిదప రక్తము కనబడినచో జాగు చేయరాదు.

ఒక ముట్టులో పోవు రక్తము సాధారణముగా 30, 40 మిల్లీలీటర్లు. 80 మించినచో అధికము. గంటగంటకు గుడ్డ మార్చవలసివచ్చినను, ఏడు దినములు దాటినను వైద్యునికి చూపవలెను. మిరప కోతలకు గుంటూరు వైపు వలసపోవు స్త్రీలకు ఇనుము, ఫోలిక్ ఆమ్లపు మాత్రలు బయలుదేరుటకు ముందే ఆశా కార్యకర్తచే ఇప్పించుట మంచిది.

అనవసరపు గర్భాశయ శస్త్రచికిత్సలను అరికట్టుటకు కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో మార్గదర్శకములు వెలువరించినది. వానిని మూడు మాసములలో అమలుపరచవలెనని 2023 ఏప్రిలులో సుప్రీంకోర్టు రాష్ట్రముల నాదేశించినది. జిల్లా పర్యవేక్షణ సంఘము అందులోని యేర్పాటే. గ్రామమున ఎవరికైనను గర్భసంచి తీయించుకొనుమని సలహా వచ్చినచో, సొమ్ము అప్పు తెచ్చుటకు ముందు, ఆదోని లేక ఎమ్మిగనూరు ప్రభుత్వాసుపత్రిలో రెండవ వైద్యుని అభిప్రాయము తీసికొనునట్లు సభ్యులు తోడుపడవలెను.