ఆ బల్ల దగ్గర మన అమ్మాయిలకి చోటేదీ?

క్యారమ్ బోర్డు ముట్టుకోని ఆడవాళ్లు మనలో ఎంతమంది? మా సాలూరులో అయితే చాలా తక్కువ. లోడు కోసం ఎదురుచూసే లారీ డ్రైవర్లూ, బాడీ కట్టే షెడ్లలో అన్నాలయ్యాక కాసేపు నడుం వాల్చే పనివాళ్లూ ఆడతారు. వేసవి సెలవుల్లో పిల్లలతోపాటు మనమూ చేరిపోతాం. రెడ్ వేసి ఫాలో వెయ్యడంలో మగవాళ్లని ముక్కున వేలేసుకునేలా చేసిన అక్కచెల్లెళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు.

ఆ ఆటనే పన్నెండడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు ఉన్న బల్ల మీద, వేలికి బదులు కర్ర పట్టుకుని, కాయిన్లకు బదులు బంతులతో ఆడుతున్నట్టు ఊహించుకోండి. అదే దాదాపుగా స్నూకర్. పదిహేను ఎర్ర బంతులు, ఒక్కోటీ ఒక పాయింటు. పసుపుకి 2, ఆకుపచ్చకి 3, గోధుమరంగుకి 4, నీలానికి 5, గులాబీకి 6, నల్లదానికి 7. తెల్లబంతిని కర్రతో కొట్టి, దానితో మిగతావాటిని సంచుల్లోకి పంపాలి. ఒక ఎర్రది, ఆ వెంటనే ఒక రంగుది, మళ్లీ ఎర్రది... ఇదీ వరస. మన రెడ్డూ ఫాలో లెక్క తెలిసినవాళ్లకి ఇది బుర్రకెక్కడం ఎంతసేపు?

విశాఖకి వచ్చిన పోటీ

ఈ ఆటకి సంబంధించిన ప్రపంచస్థాయి పోటీ మనకి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, విశాఖపట్నంలోనే జరిగిందంటే చాలామంది నమ్మరు. 2017 సెప్టెంబరు 12 నుంచి 16 దాకా అక్కడ 'ఇండియన్ ఓపెన్' జరిగింది. అంతకు ముందు ఏడాది, 2016 జులైలో, ఇదే టోర్నమెంటు హైదరాబాద్‌లో జరిగింది. అప్పుడు గెలిచినవాడు స్కాట్లండ్ కుర్రాడు ఆంథనీ మెక్‌గిల్. విశాఖలోనూ ఫైనల్ దాకా వచ్చాడు. ఎదురు నిలిచినవాడు అదే దేశానికి చెందిన జాన్ హిగిన్స్. తొమ్మిది ఫ్రేముల ఆటలో ముందు అయిదు గెలిచినవాడిదే కప్పు. హిగిన్స్ 5-1తో తేల్చేశాడు. అది అతనికి 29వ ర్యాంకింగ్ టైటిల్. బహుమతి 50 వేల పౌండ్లు. అంటే మన డబ్బులో అప్పటి లెక్కన నలభై లక్షల పైమాటే.

అప్పటికి హిగిన్స్ వయసు 42. ముగ్గురు పిల్లల తండ్రి. మెక్‌గిల్‌కి 26. మిగతా ఆటల్లో ముప్ఫై అయిదు దాటితే 'ఇంకెన్నాళ్లు లెండి' అంటారు. ఇక్కడ ఆ మాట చెల్లదు. పరుగు లేదు, దూకుడు లేదు. చూపు, ఓర్పు, చేతి నిలకడ, తర్వాతి రెండు మూడు దెబ్బల గురించి ముందే ఆలోచించుకోవడం... ఇవీ పెట్టుబడి. నెలసరుకుల లెక్కా, ఇంటద్దె లెక్కా, పిల్లల ఫీజుల లెక్కా ఒకేసారి బుర్రలో తిప్పుకునే మనకి ఇవి కొత్తవా చెప్పండి?

ర్యాంకింగ్ అంటే?

ఈ మాట దగ్గర కాస్త ఆగాలి. ర్యాంకింగ్ టోర్నమెంట్లలో గెలుచుకున్న డబ్బే మార్కులు. గడిచిన రెండేళ్లలో ఎవరు ఎన్ని పౌండ్లు సంపాదించారో కూడి జాబితా వేస్తారు. మొదటి 64 మందిలో ఉంటే మరుసటి ఏడాదికి చోటు ఖాయం. లేదంటే మళ్లీ అర్హత సంపాదించుకోవాలి. ఇందులో మనకి నచ్చే సంగతి ఒకటుంది. ఆ జాబితాలో ఆడా మగా అని వేరు వేరు గడులు లేవు. అది మగవాళ్ల పోటీ అని ఎక్కడా రాసి లేదు. ఆడగలిగినవాళ్లందరిదీ.

మరి ఆడవాళ్లు ఎందుకంత తక్కువ?

మా ఆడపడుచు కూతురు విశాఖలో డిగ్రీ చదువుతోంది. క్యారమ్స్‌లో దిట్ట. కిందటేడు ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి అక్కడొక స్నూకర్ పార్లర్‌కి వెళ్లిందిట. బల్లలు ఖాళీగానే ఉన్నాయిట. కౌంటర్ దగ్గరాయన మాత్రం "ఇది అమ్మాయిలకి కాదమ్మా" అని వెనక్కి పంపేశాడు. దసరాకి ఇంటికొచ్చినప్పుడు నన్నడిగింది: "అత్తా, ఆ ఆటకి ఆడాళ్ల బలం చాలదేటి?"

నేను జవాబు చెప్పేలోగా వాళ్లమ్మే అందుకుంది. "బలం సంగతి కాదు వదినా. అక్కడంతా సిగరెట్లేనట. మగగుంటలు రాత్రి పదింటిదాకా అక్కడే ఉంటారట. రేపేదైనా అయితే ఊళ్లో ఏటని చెప్పుకోవాలి?"

ఇద్దరి మాటలకీ విడివిడిగా జవాబు చెప్పాలి. ముందు బలం సంగతి. స్నూకర్ కర్ర బరువు అరకిలో అటూ ఇటూగా ఉంటుంది. మన పక్క శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. విజయనగరం జిల్లా కొండవెలగాడకి చెందిన మత్స సంతోషి 2014లో కామన్వెల్త్ క్రీడల్లో పతకం గెలిచింది. అదీ ఎక్కడ? మెక్‌గిల్ సొంతూరు గ్లాస్గోలో! ఇనుము ఎత్తిన నేల మనది. అరకిలో కర్రకి బలం చాలదంటే నవ్విపోరూ? పొట్టివాళ్లకి బల్ల మధ్యలోకి చెయ్యి అందదంటారా? కర్ర ఆన్చుకోడానికి 'రెస్ట్' అనే పొడుగు ఊత ఉంది. ఆరడుగుల మగవాళ్లూ దాన్ని వాడతారు.

ఇక వాళ్లమ్మ భయం. దాన్ని కొట్టిపారెయ్యలేం. ఈ ఆట పుట్టిందే మగవాళ్ల గదుల్లో. 1875లో జబల్‌పూర్‌లో బ్రిటిష్ సైన్యాధికారులు వర్షాకాలపు మధ్యాహ్నాలు గడవక బిలియర్డ్స్ బల్ల మీద రంగుబంతులు చేర్చి ఆడిన ఆట ఇది. నెవిల్ ఛాంబర్లిన్ అనే కుర్ర అధికారి దీనికి పేరు పెట్టాడంటారు. తర్వాత ఊటీ క్లబ్బులో నియమాలు కుదిరాయి. మన దేశంలోనే పుట్టింది కానీ, మన ఆడవాళ్ల గడప దాకా రాలేదు. అధికారుల మెస్ నుంచి క్లబ్బుకి, క్లబ్బు నుంచి పార్లర్‌కి వచ్చేసరికి పొగా, పందేలూ వెంటబడ్డాయి. తప్పు ఆటది కాదు, ఆడే చోటుది. చోటు మారితే భయం తగ్గుతుంది. ఆటే వద్దంటే చోటు ఎప్పటికీ మారదు.

తలుపు తోసుకుని వెళ్లినవాళ్లు

ఇంగ్లండుకి చెందిన రియాన్ ఎవాన్స్ కూతుర్ని పెంచుకుంటూనే మహిళల ప్రపంచ టైటిల్ 12 సార్లు గెలిచింది. 2013లో వూషీ క్లాసిక్ అనే ర్యాంకింగ్ పోటీకి ఒక మగ ఆటగాణ్ని ఓడించి అర్హత సంపాదించింది. 2021లో ఆమెకీ, హాంకాంగ్‌కి చెందిన ఎన్‌జీ ఆన్ యీకీ ప్రొఫెషనల్ పోటీల్లో రెండేళ్లపాటు ఆడే అవకాశం ఇచ్చారు. ఇప్పుడు మహిళల ప్రపంచ విజేతకి ఆ దారి తెరిచే ఉంది.

మనవాళ్లూ తక్కువ తినలేదు. 2017 మార్చిలో సింగపూర్‌లో మహిళల ప్రపంచ ఫైనల్‌కి మన విద్యా పిళ్లై చేరింది. ఎదురుగా ఆన్ యీ. పదకొండు ఫ్రేములూ ఆడాల్సి వచ్చింది. విద్య 5-6తో ఓడింది. ఒక్క ఫ్రేము! ఆ తర్వాత ఆరు నెలలకే విశాఖలో ఇండియన్ ఓపెన్ జరిగింది. విద్య పేరు మన ఊళ్లలో ఎంతమందికి తెలుసు?

ఆ బాకీ తీరడానికి ఎనిమిదేళ్లు పట్టింది. 2025 నవంబరులో దోహాలో చెన్నై అమ్మాయి అనుపమా రామచంద్రన్ ఐబీఎస్‌ఎఫ్ ప్రపంచ మహిళల స్నూకర్ టైటిల్ గెలిచింది. ఫైనల్లో ఓడించింది ఎవర్ననుకున్నారు? అదే ఆన్ యీని, 3-2తో.

అమ్మలు చూసుకోవలసినవి

మా ఆడపడుచు చివరికి ఒక షరతు పెట్టింది. "నేనూ వచ్చి చూస్తాను, ఆ తర్వాతే మాట" అంది. విశాఖలో మరో చోటికి వెళ్లి, గంటసేపు కుర్చీ వేసుకుని కూర్చుంది. అక్కడ శిక్షకుడున్నాడు. పిల్లలకి నేర్పుతున్నాడు. పొగతాగేవాళ్లని గుమ్మం బయటే నిలబెడుతున్నారు. ఆదివారం పొద్దుటిపూట మాత్రం వెళ్లడానికి ఒప్పుకుంది. పూర్తిగా ధైర్యం వచ్చిందని చెప్పను. ఇప్పటికీ పదకొండింటికల్లా ఫోన్ రావాల్సిందే!

మీ అమ్మాయి అడిగితే మీరూ అలాగే ఒకసారి వెళ్లి చూడండి. నేర్పేవాళ్లున్నారా, లేక గంటల లెక్కన బల్ల అద్దెకిచ్చి ఊరుకుంటున్నారా? వెలుతురు బాగుందా? బయటినుంచి లోపల జరిగేది కనిపిస్తుందా? పగటివేళ ఆడే వీలుందా? పందేలు కాస్తున్నారా? మొదట్లో ఒంటరిగా కాక ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లేలా చూడండి. సొంత బల్ల కొనక్కర్లేదు, మొదట్లో కర్ర కూడా అక్కర్లేదు. అక్కడున్నదే చాలు.

ఇంకో చిన్న సంగతి. దెబ్బ కొట్టేటప్పుడు ఒక పాదమైనా నేల మీద ఉండాలి. బట్టల అంచు ఏ బంతికి తగిలినా ఫౌలే! ఎదుటివాళ్లకి కనీసం నాలుగు పాయింట్లు వెళ్లిపోతాయి. కాబట్టి చున్నీ నడుముకి చుట్టి పిన్ను పెట్టుకోవాలి, లేదంటే ఇంట్లో వదిలేసి వెళ్లాలి. వదులు చేతుల కుర్తా వద్దు. మగవాళ్లు కట్టుకున్న టై వేలాడినా ఇదే నియమం. 

ఇండియన్ ఓపెన్ 2019లో కొచ్చిలో జరిగింది. మళ్లీ ఇటువైపు రాలేదు. ఎప్పుడైనా మరోసారి విశాఖకి వస్తే, గ్యాలరీలో కూర్చుని చప్పట్లు కొట్టడానికే మన అమ్మాయిలు వెళ్లాలా? నియమాల పుస్తకంలో వాళ్లకి అడ్డు ఎక్కడా లేదు. ఉన్నదల్లా ఒక గాజు తలుపు, దాని వెనక "ఇది అమ్మాయిలకి కాదమ్మా" అనే ఒక మాట. ఆ మాటకి బదులు చెప్పడానికి మొదటిసారి అమ్మాయి వెంట అమ్మ కూడా వెళ్తే ఆ తలుపు కాస్త తేలిగ్గా తెరుచుకుంటుంది. ఏమంటారు?